నాలుగో అర

"తాడు కట్టే ముందు నన్నొక్క మాట అడగాల్సింది అత్తయ్యా," అంది టీచరమ్మ. ఆ మాట ఆ పొద్దున అప్పటికే చాలాసార్లు అయింది.

"అడిగితే వద్దంటావు. అందుకే అడగలేదు," అంది అత్తగారు, తడి దుప్పటిని ఇంకొంచెం సాగదీసి క్లిప్పు పెడుతూ. "ఇంతకీ ఇప్పుడేం మునిగిపోయింది? నీ తల మీద కట్టానా?"

"సరిగ్గా నా తల మీదే కట్టారు."

అది నిజమే. తాడు కిటికీ చువ్వ దగ్గర బయల్దేరి, టీచరమ్మ రాసుకునే బల్ల మీదుగా వెళ్ళి, బట్టల బీరువా పిడికి చుట్టుకుంది. దాని మీద ఒక దుప్పటి, రెండు జాకెట్లు, నాలుగు మడతలేసిన నేత చీర, కూతురు చిలక స్కూలు స్వెట్టరు. స్వెట్టరు చేతి చివర ఒక బొట్టు ఊరింది. కాసేపు అక్కడే ఆలోచించుకుని, బల్ల మీద పరిచి ఉన్న గ్రాఫు మీద టప్పున పడింది.

"చూశారా? ఎల్లుండి నాకు కమిటీ ఉంది."

"నీకు కమిటీ ఉంటే పిల్ల తడి స్వెట్టరు వేసుకుని బడికి పోవాలా? బాల్కనీలో వేద్దామంటే ఇంటి ఓనరు ఒప్పుకోడు. హాల్లో వేస్తే ముక్కిపోయిన వాసనంటూ మావాడు మొహం చిట్లిస్తాడు. వంటింట్లో వేస్తే పోపు కంపు. ఇంక మిగిలింది నా నెత్తి."

"పోనీ హీటరు మీద..."

"హీటరు మీద ఆరేస్తే గోడకి నల్లబూజు పడుతుందని నాకు పాఠం చెప్పిందెవరు? గోడల సంగతి నా చదువే అత్తయ్యా అని గంటసేపు చెప్పావు."

టీచరమ్మ కొంగుతో గ్రాఫుని అద్దుతూ నిలబడింది. బయట వాన పడుతూనే ఉంది. ఈ ఊళ్ళో వాన ఒక పట్టాన కురిసి వెళ్ళిపోయే రకం కాదు. చుట్టం చూపుగా వచ్చి ఇంట్లో మనిషైపోయిన రకం.

టీచరమ్మ అన్నది అత్తగారు పెట్టిన పేరే. పెళ్ళిచూపుల్లో పిల్ల పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుందని విని, "అయితే మా ఇంటికి టీచరమ్మ వస్తోందన్నమాట," అంది. అందులో మెప్పెంతో ఎత్తిపొడుపెంతో ఇన్నేళ్ళయినా తేలలేదు గానీ పేరు మాత్రం అతుక్కుపోయింది. మొగుడూ అలాగే పిలుస్తాడు, ముద్దొచ్చినప్పుడూ, కోపమొచ్చినప్పుడూ. ఆ టీచరమ్మ ముప్పై ఏడో ఏట మళ్ళీ విద్యార్థి అయింది. దేశం కాని దేశంలో పీహెచ్‌డీకి సీటొస్తే మొగుణ్ణీ పిల్లనీ అత్తగారినీ వెంటబెట్టుకుని వచ్చేసింది. గోడకి పూసిన గచ్చు ఆరేటప్పుడు ఎందుకు పగులుతుంది, అందులో ఏ పాళ్ళలో ఏం కలిపితే పగలకుండా ఉంటుంది అన్నది ఆమె పరిశోధన. వచ్చి మూడో ఏడు నడుస్తోంది.

మొదటి రెండేళ్ళూ చెప్పుకోదగ్గది ఏమీ తేలలేదు. కలిపిందల్లా పగిలింది. ఈ ఏడు మాత్రం అదృష్టం కళ్ళు తెరిచింది. నాలుగు రకాల మిశ్రమాలు చేసి పలకలుగా పోస్తే, మూడు రకాలు ఎప్పట్లాగే నెర్రెలిచ్చాయి, నాలుగోది మాత్రం అద్దంలా నిలిచింది. భూతద్దం పెట్టి వెతికినా గీత లేదు. దాన్ని చూసి గైడు మేడమ్, ఎప్పుడూ మెచ్చుకోని మనిషి, "ఇదీ అసలు సంగతి," అంది. కమిటీ ముందు టీచరమ్మ చెప్పబోయేది ఆ నాలుగో మిశ్రమం గురించే. వాళ్ళు సరేనంటే ఇంక రాసుకోవడమే. సెలవులకల్లా అందరూ కలిసి ఇంటికి వెళ్ళిపోవచ్చు. మొగుడు జీతం లేని సెలవు పెట్టి వచ్చాడు, అది కూడా సరిగ్గా అప్పటికి అయిపోతుంది. అత్తగారైతే తన పెట్టె మంచం కింద నుంచి ఇప్పటికే బయటికి లాగింది.

"అసలు ఈ ఊళ్ళో నా దుప్పట్లు సరిగ్గా ఆరింది ఒక్క వారమే," అంది అత్తగారు, క్లిప్పు నోట్లోంచి తీసి. "చిలకకి ఆటలమ్మ పోసినప్పుడు. పొద్దున సంచీలో పెట్టిచ్చిన దుప్పటి సాయంత్రానికి పెళపెళలాడుతూ వచ్చేది. అలాంటి గది చేతిలో ఉండగా మనకీ తిప్పలేంటో నాకర్థం కాదు."

"ఏ గది?"

"నీ గదేనమ్మా. మీ కాలేజీలో గాలి గది. వీడు నీ బదులు లెక్కలు చూడ్డానికి వెళ్ళేవాడు కాదూ? దుప్పట్లు పట్టుకెళ్ళేవాడు. తలుపు వెనక మూలన గొట్టం ఉందట, దాని మీద వేస్తే చాలట. అంత గాలి ఊరికే పోవడం ఎందుకని నేనే ఇచ్చి పంపాను."

టీచరమ్మ చేతిలో కొంగు అలాగే ఉండిపోయింది.

గాలి గది అంటే పలకలు ఆరబెట్టే డ్రై రూమ్. అందులో తేమ ఎప్పుడూ ఒకే తీరుగా ఉండాలి, అందుకే దానికి రెండు తలుపులు, రాత్రింబవళ్ళు తిరిగే బ్లోయరు. గోడ పొడుగునా నాలుగు ఇనప అరలు. మొదటిది బ్లోయరు కింద, దాని పక్కనే తేమ కొలిచే మీటరు. నాలుగోది తలుపు వెనక మూలన, గొట్టం కింద; నాలుగో మిశ్రమం పలకలు అందులోనే. పలకలు పోసిన మొదటి వారంలోనే పగిలేవి పగులుతాయి, నిలిచేవి నిలుస్తాయి. చిలకకి ఆటలమ్మ పోసిన వారం, పలకలు పోసిన వారం ఒకటే. ఆ వారం ఆమె పిల్ల మంచం పక్క నుంచి కదలలేదు. రీడింగులు తియ్యడానికి మొగుణ్ణి పంపింది. బయటివాళ్ళని రానివ్వకూడదు నిజానికి. తాళాలు చూసుకునే ఆయన మంచివాడు కాబట్టి తలుపు తీశాడు.

"నాలుగో అర," అంది టీచరమ్మ, తనలో తనే.

"ఏంటమ్మాయ్?"

"ఏం లేదత్తయ్యా."

గొడుగు తీసుకుని బయటపడింది. తాడు సంగతి తేలకుండానే కోడలు వెళ్ళిపోవడంతో, గెలిచానో లేదో అర్థం కాక అత్తగారు దుప్పటి పట్టుకుని అక్కడే నిలబడింది.

డ్రై రూమ్‌లో ఆమె మొదట తల పైకెత్తి గొట్టం చూసింది. రోజూ చూసేదే. ఇవాళ కొత్తగా బట్టల దండెంలా కనపడింది. కింద నాలుగో అరలో పలకలు వరసగా, బుద్ధిమంతుల్లా ఉన్నాయి. ఒకదాన్ని తీసి వేలితో రాసింది. నున్నగా ఉంది. ఆ నునుపు తన పాళ్ళ వల్ల వచ్చిందో, అత్తగారి దుప్పటి వల్ల వచ్చిందో పలకకే తెలియాలి. తడి దుప్పటి పక్కనుంటే పలక నిదానంగా ఆరుతుంది, నిదానంగా ఆరితే పగలదు. ఇది మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలిసిన విషయమే. మీటరు దూరంగా బ్లోయరు కింద ఉంది కాబట్టి దానికేమీ పట్టలేదు.

ఒక్కో రకం పలకలు ఒక్కో అరలో పెట్టింది తనే. వంటింట్లో డబ్బాలు సర్దుకున్నట్టు, వెతుక్కోకుండా చేతికి అందేట్టు. అన్నీ కలిపి తలో అరలో కొన్ని పెట్టి ఉంటే ఈ పాటికి నిజం దానంతటదే తేలిపోయేది. సర్దడంలో తనకి మంచి పేరుంది. ఆ పేరే ఇవాళ కొంప ముంచింది.

పలకని పెట్టేసి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

సాయంత్రం మొగుడు గోడౌను పని నుంచి వచ్చేసరికి ఆమె వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది. అతను తన ఊళ్ళో డ్రాఫ్ట్స్‌మన్. గీత గీస్తే స్కేలు సిగ్గుపడాలి. ఇక్కడ అట్టపెట్టెలు పేర్చే పని.

"దుప్పట్లు గదిలో ఆరేశారట," అంది వెనక్కి తిరక్కుండా.

అతను బూటు విప్పుతున్నవాడల్లా ఆగాడు. "అమ్మ చెప్పిందా?"

"మీరెందుకు చెప్పలేదు?"

"చెప్పడానికి అందులో ఏముంది? పిల్ల ఒళ్ళంతా పొక్కులు. రోజుకి మూడు దుప్పట్లు మార్చాల్సొచ్చింది. ఎక్కడ ఆరెయ్యను? పలకల మీద వెయ్యలేదుగా. పైన గొట్టం మీద వేశాను. నీళ్ళు కారకుండా గట్టిగా పిండి మరీ వేశాను."

"పిండి మరీ వేశారు," అంది ఆమె. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియలేదు. విషయమంతా చెప్పింది. అతను గడప మీద కూర్చునే విన్నాడు, ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు.

"అయితే నాలుగోది మంచిది కాదంటావా?"

"తెలీదు."

"మంచిదే కావచ్చుగా? దుప్పట్లు ఉన్నా లేకపోయినా?"

"కావచ్చు. తెలీదు."

"తెలీనప్పుడు తప్పని మాత్రం ఎలా చెప్తావు? ఎల్లుండి నీ మాట నువ్వు చెప్పేసెయ్. అక్కడ దుప్పట్లున్నాయని మనకి తప్ప ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసుగా."

"నీకు తెలుసు సరే. నువ్వేమైనా దొంగతనం చేశావా?" అతని గొంతు కొంచెం లేచింది. "సెలవులకి మనం వెళ్ళాలి, టీచరమ్మా. నా సీట్లో ఇంకొకణ్ణి కూర్చోబెడితే మళ్ళీ లేపలేం. అక్కడ నాకొక బల్ల ఉంది. ఇక్కడ నేను పెట్టెలు ఎత్తుతున్నాను."

"నాన్నా, అమ్మ మళ్ళీ గిన్నెలు కడుగుతోంది," అంటూ చిలక వచ్చింది. ఎనిమిదేళ్ళది, నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. "అవి పొద్దున కడిగినవే. నానమ్మ కడిగింది. నేను చూశాను."

"నువ్వెళ్ళి హోంవర్కు చేసుకోవే."

"బల్ల మీద నీళ్ళు కారుతున్నాయి. ఎక్కడ చేసుకోను?"

ఆ మర్నాడంతా టీచరమ్మ కాళ్ళు ఒకచోట నిలవలేదు. కమిటీకి చెప్పాల్సింది గొణుక్కుంటూ హాల్లో తిరిగింది. నాలుగో మిశ్రమం దాకా బాగానే వచ్చేది, అక్కడికి రాగానే నాలుక మడతపడేది. ఆ వాక్యం తీసేసి ఇంకోటి పెట్టింది. "కనిపిస్తోంది" అని ఒకసారి, "అనిపిస్తోంది" అని ఒకసారి. టీ పెట్టుకుని తాగడం మర్చిపోయింది. ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీసిందో తెలియక వేసేసింది.

"ఏంటమ్మాయ్, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు," అంది అత్తగారు. "తాడు విప్పెయ్యమంటావా? విప్పేస్తాను పో. దానికింత బాధెందుకు?"

"తాడు గురించి కాదత్తయ్యా."

"మరి?" అత్తగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నేనేమైనా చేశానా? నిన్నటి నుంచి వీడూ మాట్లాడట్లేదు. ఆ దుప్పట్ల మాట అన్నప్పటి నుంచీ నీ మొహం మొహంలా లేదు."

టీచరమ్మ ఆమె చేతుల వంక చూసింది. తడిలో నాని వేళ్ళ చివరలు ముడతలు పడి ఉన్నాయి. ఆటలమ్మ పోసిన వారం ఆ చేతులే రాత్రీ పగలూ పిల్ల ఒంటికి తడిగుడ్డ అద్దాయి.

"మీరేం చెయ్యలేదు. మీరు బట్టలు ఉతికారు. అంతే," అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

గైడు మేడమ్ గది చిన్నది. బల్ల మీద పగిలిన గచ్చు ముక్కలు పేపర్‌వెయిట్లుగా ఉంటాయి. ఆమె పొట్టి జుట్టు మనిషి, తక్కువ మాట్లాడుతుంది. టీచరమ్మ కూర్చోకుండానే మొత్తం చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేనేమోనని భయం.

మేడమ్ ఒక గచ్చు ముక్కని బల్ల మీద కొంచెం పక్కకి జరిపింది.

"ఎన్ని దుప్పట్లు?"

"రోజుకి రెండు మూడు."

"వారం పాటు."

"అవును."

"ఒక్కో మిశ్రమాన్ని ఒక్కో అరలో ఎందుకు పెట్టావు?"

"సర్దుకోవడానికి బాగుంటుందని."

మేడమ్ నుదురు రుద్దుకుంది. "అది నేనూ చూడలేదు. చూడాల్సింది." ఆ తర్వాత తలెత్తింది. "ఆ వారం రీడింగులు తీసింది నీ భర్తా?"

దీనికి మాత్రం టీచరమ్మ సిద్ధంగా లేదు. దుప్పట్ల గురించే ఆలోచించింది గానీ రీడింగుల గురించి ఆలోచించలేదు.

"ఆయన డ్రాఫ్ట్స్‌మన్ అండి. నాకంటే జాగ్రత్తగా తీస్తారు."

"తీస్తారేమో. కానీ ఆయనకి ఆ గదిలో పని లేదు. అవన్నీ కొట్టేయాలి." మేడమ్ గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది. "తాళాలు తీసినాయనతో నేను మాట్లాడాలి. కమిటీ ఇప్పుడు లేదని చెప్తాను. నీకు రెండు దార్లు. మొదటి రెండేళ్ళ పని రాసిచ్చి, చిన్న డిగ్రీ తీసుకుని సెలవులకి వెళ్ళిపోవచ్చు. తప్పు లేదు, చాలామంది చేస్తారు. లేకపోతే అన్నీ మళ్ళీ పోయాలి, తలో అరలో అన్ని రకాలూ పెట్టి. ఇంకో ఏడాది. స్కాలర్‌షిప్ ఇప్పిస్తానని మాటివ్వలేను, అడుగుతాను. ఆలోచించుకుని చెప్పు."

బయటికొస్తుంటే వరండాలో తాళాలాయన ఎదురయ్యాడు. ఎప్పట్లాగే పాప ఎలా ఉందని అడిగాడు. బాగుందని చెప్పింది. ఇంకో గంట పోయాక ఆయన అలా అడగడని తెలిసి, తల వంచుకుని మెట్లు దిగింది.

బస్సు కోసం ఆగకుండా నడిచింది. వాన సన్నగా పడుతోంది. గొడుగు ఉంది, తెరవలేదు. చిన్న డిగ్రీ తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. పాలిటెక్నిక్‌లో పాత ఉద్యోగమే ఇస్తారు. ఊళ్ళో ఉన్న మావయ్యగారు "పోనీలే అమ్మా," అంటారు. అన్నీ సర్దుకుంటాయి. కానీ ఏ గోడ పక్కన నడిచినా చెయ్యి దానంతటదే గచ్చు మీదికి పోతోంది. ఒక గోడ దగ్గర సన్నటి నెర్రె కనపడితే ఆగిపోయి, అది ఎక్కడ మొదలైందో వెతుకుతూ మూల దాకా వెళ్ళింది. ఆ ఇంట్లో మనిషెవరో కిటికీ తెరిచి చూస్తే తప్ప తను ఏం చేస్తోందో తెలియలేదు. పాళ్ళా, దుప్పట్లా? రెండు రోజులుగా చెవిలో జోరీగలా అదే మాట. తెలుసుకోకుండా విమానమెక్కితే ఆ జోరీగ కూడా టిక్కెట్టు లేకుండా వెంట వచ్చేస్తుంది.

ఇంటి కింద మెట్ల దగ్గర మొగుడు నిలబడి ఉన్నాడు.

"చెప్పేశావు కదా," అన్నాడు మొహం చూడగానే.

"చెప్పేశాను. మీ రీడింగులు కూడా కొట్టేయమన్నారు."

దానికి అతని మొహం మారింది. దుప్పట్లకి మారనిది దీనికి మారింది. "నా రీడింగుల్లో తప్పేముంది? ఒక్కోటీ మూడేసి సార్లు చూశాను."

"తెలుసు. నావాటి కంటే మీవే నయం."

"ఈ దేశంలో నేను చేసిన మంచి పని అదొక్కటే," అన్నాడు. తర్వాత రెయిలింగు మీద వేలితో నీటిబొట్లు తుడుస్తూ, "ఇంకెంత కాలం అంటున్నారు?" అని అడిగాడు.

"ఏడాది. లేదా సెలవులకే వెళ్ళిపోవచ్చు, చిన్న డిగ్రీతో."

అతను ఏది అని అడగలేదు. ఆమె చెప్పలేదు. ఇద్దరూ మెట్లెక్కారు, అతను ముందు, ఆమె రెండు మెట్లు వెనక.

అన్నాల దగ్గర అందరూ ఉన్నారు. రోజూ ఆ వేళకి మావయ్యగారు కూడా ఉంటారు. పంచదార డబ్బాకి ఆనించిన ఫోనులో సగం నుదురూ సగం సీలింగు ఫ్యానూ కనపడతాయి.

"ఏమ్మా టీచరమ్మా, రేపేనా మీ కమిటీ?" అన్నారు ఫోనులోంచి.

"తాతా, అమ్మ ఇవాళ తడిసిపోయి వచ్చింది," అంది చిలక. "గొడుగు చేతిలోనే ఉంది. అయినా తడిసింది."

"నువ్వు తిను ముందు," అంటూ మొగుడు చిలక జడ వెనక్కి వేశాడు. ఈ మూడేళ్ళలో పిల్లకి జడ వెయ్యడం, డబ్బా సర్దడం, బడి గేటు దగ్గర నిలబడడం అన్నీ అతనివే. పాపిడి అతను తీస్తే స్కేలు పెట్టినట్టు వస్తుంది. టీచరమ్మ తీస్తే వంకర.

అత్తగారు పెరుగు గిన్నె జరుపుతూ, "పెట్టెలో పైన కొంచెం చోటుంది, నీ పుస్తకాలేమైనా ఉంటే ఇవ్వు," అంది.

టీచరమ్మ కంచంలో అన్నాన్ని ఒక పక్కకి, మళ్ళీ ఇంకో పక్కకి జరిపింది. ఆ తర్వాత చెయ్యి ఆగింది. రెండు రోజుల్లో మొదటిసారి అది ఒకచోట ఆగడం ఆమెకే తెలిసింది.

"కమిటీ లేదు మావయ్యా," అంది. "నా పని చెడింది. అందులో ఎవరి తప్పూ లేదు, నా సర్దుడే తప్పు. సెలవులకి మీ అబ్బాయీ, అత్తయ్యా, చిలకా వచ్చేస్తారు. ఆయన ఉద్యోగం పోకూడదు. చిలక వాళ్ళ నాన్న దగ్గరుంటుంది. నేను ఇక్కడే ఉంటాను. పలకలన్నీ మళ్ళీ పోస్తాను."

చిలక నోరు తెరిచింది, మళ్ళీ మూసేసింది. అత్తగారి చెయ్యి పెరుగు గిన్నె మీదే ఉండిపోయింది. మొగుడు కంచంలోకి చూస్తున్నాడు. తర్వాత నీళ్ళ గ్లాసు తీసుకుని ఆమె వైపుకి జరిపాడు.

"ఏంటమ్మా? ఇక్కడ కరెంటు పోయి వచ్చింది, మధ్యలో తెగిపోయింది," అన్నారు మావయ్యగారు. "సెలవులకి ఎవరు వస్తారు?"

టీచరమ్మ ఫోనుని కొంచెం దగ్గరికి తీసుకుంది. మొదటి నుంచి మళ్ళీ చెప్పింది. గొంతు పెంచలేదు.